డొక్కలెండిన గుంపు: నీలి ఆకుపచ్చ క్రోమిస్‌ల మీద ఒక కేసు

తొమ్మిది చేపలను ట్యాంకులో వదిలితే దాదాపు రెండు నెలలకు మూడే మిగిలాయి. ఆ మూడింటిలోనూ ఒకటి తోక చివర చిరిగి, నీరు వడపోతకు పొర్లిపోయే ఓవర్‌ఫ్లో పెట్టె మూలన, నీటి పైభాగానికి అతుక్కుని ఉంది. నన్ను పిలిచిన యజమానికి ఉప్పునీటి చేపలు కొత్త కాదు. అదే ట్యాంకులో క్లౌన్ చేపల జంట, పసుపు వాచ్‌మన్ గోబీ, క్లీనర్ రొయ్య ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నాయి. పోతున్నవి క్రోమిస్‌లు మాత్రమే. “ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయండీ. వీటి జాతే అంత అంటున్నారు. ఇక వీటి జోలికి పోకూడదా?” అని అడిగారాయన.

ఈ మాట చాలా ట్యాంకుల దగ్గర విన్నాను. అందులో కొంత నిజం ఉంది. క్రోమిస్‌లలో పెత్తనం, తరుముళ్లు ఉన్న మాట వాస్తవమే. అయితే నేరమంతా పోట్లాట మీద మోపిన చోట వెతకడం ఆగిపోతుంది. ఈ ట్యాంకులో పోయిన ఆరు చేపలూ ఒకే కారణంతో పోలేదు. కానీ ఆరింటి వెనకా ఆకలి ఉంది. అది ఎలా తేలింది, ఏమేం మార్చాం, మార్చాక ఏమైంది అన్నది వివరంగా రాస్తున్నాను. కొత్తవాళ్లకు తగిన చేప అని దీన్ని చేతిలో పెడతారు కానీ దాని తిండి ఎలాంటిదో చెప్పేవాళ్లు తక్కువ.

చేప బతుకు

నీలి ఆకుపచ్చ క్రోమిస్ శాస్త్రీయ నామం క్రోమిస్ విరిడిస్. 1830లో క్యూవియే దీన్ని వర్ణించాడు. ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం మొదలుకొని పసిఫిక్‌లోని లైన్ దీవులు, టువామోటు దీవుల దాకా పగడపు దిబ్బల మీద కనిపిస్తుంది. పెరిగితే 8 నుంచి 10 సెంటీమీటర్లు. అలంకరణ కోసం అమ్మే సముద్రపు చేపల్లో సంఖ్యను బట్టి చూస్తే ఇది ముందు వరుసలో ఉంటుంది. దీనికి దగ్గరి పోలికలున్న క్రోమిస్ అట్రిపెక్టోరాలిస్ కూడా ఇదే పేరుతో అమ్ముడవుతూ ఉంటుంది. పక్క రెక్క మొదట్లో నల్లటి మచ్చ ఉంటే అది ఆ రెండోది, కొంచెం పెద్దదవుతుంది. సంరక్షణలో తేడా లేదు.

ఈ కేసుకు అవసరమైనవి దాని రెండు అలవాట్లు. పగలంతా కొమ్మల పగడాలకు కాస్త పైన, ప్రవాహానికి ఎదురుగా నిలబడి, కొట్టుకొచ్చే కోపిపాడ్ల వంటి చిన్న చిన్న జలచరాలను ఒక్కొక్కటిగా ఏరుకు తింటుంది. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా అదే పని. ఒక్క పూటలో కడుపు నింపుకుని రోజంతా గడిపే చేప కాదిది. ఇక రెండోది, చీకటి పడే వేళకు గుంపంతా ఆ కొమ్మల మధ్యకు దిగి, తలా ఒక సందు చూసుకుని పడుకుంటుంది. నిద్రలోనూ రెక్కలు ఆడిస్తూనే ఉంటుంది. దాంతో పగడం లోపలి నీరు నిలవ ఉండిపోకుండా కదులుతుంది. పగటికి ఎడతెగని తిండి, రాత్రికి సొంత సందు. ఇంటి ట్యాంకులో ఈ రెండింటికీ కొరత వస్తే ఆ కొరత పోట్లాట రూపంలో బయటపడుతుంది.

మొదట చూసినవి

ట్యాంకు 450 లీటర్లది, పొడవు 150 సెంటీమీటర్లు. ఇంత పొడవుంటే తొమ్మిది క్రోమిస్‌లకు చోటు చాలుతుంది. రిఫ్రాక్టోమీటరును ప్రామాణిక ద్రావణంతో సరిచూసి కొలిస్తే లవణీయత (సాపేక్ష సాంద్రతగా) 1.025. ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, పీహెచ్ 8.2, అమ్మోనియా సున్నా, నైట్రైటు సున్నా, నైట్రేటు 15 పీపీఎం. నీటిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నీరు బాగుంటే చేప బాగుండాలి కదా అన్నది యజమాని వాదన. నీరు బాగుండడం అవసరమే, దాంతో పని పూర్తి కాదు.

చనిపోయిన చేపల్లో కొన్నిటి శవాలు దొరకలేదు కాబట్టి రాళ్ల మధ్య ఏదో వేటాడే ప్రాణి ఉందేమోనని ఆయనకు అనుమానం. మాంటిస్ రొయ్య గానీ పెద్ద పీత గానీ లైవ్ రాక్‌తో, అంటే జీవులు అంటుకుని ఉన్న సముద్రపు రాళ్లతో, వచ్చి చేరడం జరిగేదే. లైట్లు ఆరిపోయాక ఎర్ర టార్చితో చాలాసేపు వెతికాం. అలాంటిదేమీ కనిపించలేదు. ముళ్ల పురుగులు మాత్రం పుష్కలంగా ఉన్నాయి. మూడు సెంటీమీటర్ల చేప శవాన్ని అవీ, క్లీనర్ రొయ్యా, ఇసుకలోని నత్తలూ కలిసి ఒక్క రాత్రిలో మాయం చేయగలవు. శవం లేనంత మాత్రాన వేట జరిగినట్టు కాదు.

ఆయన ఫోనులో మొదటి రోజు నుంచి తీసిన ఫోటోలు, వీడియోలు ఉన్నాయి. ఈ కేసులో నాకు దొరికిన అతి విలువైన సాక్ష్యం అదే. వాటిని తేదీల వారీగా పక్కపక్కన పెట్టి చూస్తే చావులు రెండు విడతలుగా జరిగాయని తెలిసింది. తెచ్చిన పది రోజుల్లోపే మూడు పోయాయి. తర్వాత కొంత విరామం. ఆ పైన ఒక్కొక్కటిగా, నెమ్మదిగా మరో మూడు.

తొలి విడత

మొదట పోయిన వాటిలో రెండింటి ఒంటి మీద, పక్క రెక్క వెనక భాగంలో, ఎర్రగా కమిలిన పుండు ఫోటోల్లో స్పష్టంగా ఉంది. పొలుసులు లేచి, కింద రక్తం చిమ్మినట్టు కనబడే పుండు అది. దాన్ని యజమాని కాటు గాయం అనుకున్నారు. క్రోమిస్ నోరు చిన్నది. ఎదుటి చేప రెక్కలు చిరుగుతాయి, తోక చివరలు పోతాయి గానీ పక్క కండలో అంత పుండు పడదు. క్రోమిస్ మీద ఈ రకం ఎర్ర పుండు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది యురోనీమా మెరైనమ్ అనే సిలియేటును, అంటే సన్నటి రోమాలతో ఈదే ఏకకణ జీవిని.

యురోనీమా గురించి కొంచెం ఆగి చెప్పాలి. తెల్ల మచ్చల జబ్బు తెచ్చే క్రిప్టోకేరియాన్‌కు చేప లేకపోతే బతుకు లేదు. అందుకే ట్యాంకును రెండున్నర నెలలు చేపలు లేకుండా ఉంచి దాన్ని వదిలించుకుంటారు. యురోనీమాకు చేపతో నిమిత్తం లేదు. కుళ్లే పదార్థం, బాక్టీరియా తింటూ నీటిలో, ఇసుకలో హాయిగా బతుకుతుంది. నీరసించిన చేప, చర్మం దెబ్బతిన్న చేప దొరికితే లోపలికి చొచ్చుకుపోయి కండను, రక్తకణాలను తింటుంది. పైన పుండు కనబడే సరికి లోపల చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. రాగి మందు దాని మీద పనిచేయదు. లవణీయత తగ్గించే చికిత్స కూడా పనిచేయదు. ట్యాంకు ఖాళీగా ఉంచినా పోదు.

అంటే, ఏ ట్యాంకులోనైనా అది ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. దాన్ని ట్యాంకులోంచి తరిమేయడం మన చేతిలో లేదు. చేప దానికి లొంగేంత బలహీనపడకుండా చూడడమే మన చేతిలో ఉన్నది. పట్టినప్పటి నుంచి మన ఇల్లు చేరే దాకా ఈ చిన్న చేపలు సరైన తిండి లేకుండా చేతులు మారుతూ వస్తాయి. ఒక సంచిలో ఒకదానికొకటి రాసుకుని చర్మం మీది జిగురు పొర పోతుంది. ఆకలి, గాయం రెండూ అప్పటికే ఉన్నాయి. తొమ్మిదింటినీ తెచ్చిన రోజే నేరుగా ప్రధాన ట్యాంకులోకి వదిలారు. వాటిని విడిగా ఉంచి తినిపించే వ్యవధి దొరకలేదు.

రెండో విడత

ఇక్కడే పోట్లాట కథ బలంగా కనిపిస్తుంది. ఒక్కో చేపా గుంపు నుంచి విడిపోయి, పై మూలకు చేరి, తోక చిరిగి, కొన్నాళ్లకు పోయింది. ఈ దశలో తీసిన వీడియోలను నెమ్మదిగా నడిపి చూశాను. తల వెనక, వీపు రెక్క మొదలయ్యే చోట, ఆరోగ్యంగా ఉన్న క్రోమిస్‌కు నిండైన వంపు ఉంటుంది. పోయిన చేపల్లో ఆ చోట గుంట పడింది. డొక్కలు లోపలికి పోయాయి. తోక చిరగడానికి వారం పది రోజుల ముందు నాటి వీడియోలోనే ఆ గుంట ఉంది. చేప ముందు ఎండింది, తర్వాత దెబ్బలు తింది. నా నిర్ణయానికి ఆధారం ఆ క్రమమే.

రోజూ సాయంత్రం ఒక్కసారి, గడ్డకట్టిన మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి జీవులు) ఒక ఘనం కరిగించి పోయడం ఆ ఇంటి పద్ధతి. నా ఎదుట అలాగే పోయమన్నాను. గిన్నెడు ఆహారమూ, ప్రవాహం పుట్టించే వేవ్‌మేకర్ పంపు తోపుకు ట్యాంకు పొడవునా కొట్టుకుపోయింది. క్లౌన్ జంట ముందుకొచ్చి పెద్ద ముక్కలు అందుకుంది. పెద్ద క్రోమిస్ నడుమ నిలబడి రెండు మూడు మింగింది. నడిమి సైజుది ఒక మైసిస్‌ను నోట పట్టి, మింగలేక ఉమ్మి, మళ్లీ పట్టేలోపు అది క్లౌన్ నోట్లో పడింది. మూలనున్న చిరుగుతోక చేప చోటు వదిలి ఒక అడుగు ముందుకొస్తే పెద్దది తిరిగి చూసింది. అంతే, అది మూలకు పోయింది. ఒక నిమిషంలో నీటిలో తిండి లేదు. ఓవర్‌ఫ్లో నీరు చేరే వడపోత తొట్టి, అంటే సంప్‌లోని ఫిల్టరు సంచిని తిరగేసి చూపించాను. లోపలి గుడ్డకు తెల్లటి మైసిస్ ముక్కలు అంటుకుని ఉన్నాయి. నిన్నటివీ, మొన్నటివీ కూడా ఉన్నాయి. చేపలకు వేస్తున్నాం అనుకున్న తిండిలో చాలా భాగం ఆ సంచి తింటోంది.

యజమాని చాలాసేపు ఆ సంచిని పట్టుకుని చూశారు. తిండి పెట్టడంలో ఆయన ఏనాడూ నిర్లక్ష్యం చేయలేదు. క్లౌన్‌కూ గోబీకీ ఆ పద్ధతి చక్కగా సరిపోయింది కూడా. క్రోమిస్‌కు సరిపోదు.

ముందు తిండి ఒక్కటే మార్చాం

రాళ్లు కదపకుండా, పెద్ద చేపను తీయకుండా, తిండి ఒక్కటే మార్చాలని పట్టుబట్టాను. అన్నీ ఒకేసారి మారిస్తే దేని వల్ల బాగుపడిందో తెలియదు. చిరుగుతోక చేపను విడిగా తీసేయమని యజమాని కోరారు. దాని శ్వాస మామూలుగానే ఉంది, ఒంటి మీద పుండ్లు లేవు, తిండి మీద ఆశ ఉంది. ఆ మూడూ ఉన్నంత వరకు ఆగవచ్చని చెప్పాను.

అర మిల్లీమీటరు పెల్లెట్లు వేసే ఆటోఫీడర్‌ను పొద్దున, మధ్యాహ్నం, మధ్యాహ్నం దాటాక కొద్ది కొద్దిగా పడేలా అమర్చాం. సాయంత్రం గంట తేడాతో రెండుసార్లు గడ్డకట్టిన కలానస్, సైక్లాప్స్ (రెండూ కోపిపాడ్లే), చేప గుడ్ల మిశ్రమం. మైసిస్‌ను సన్నగా తరిగి కలిపాం. అన్నిటికన్నా పెద్ద మార్పు పంపుల దగ్గర జరిగింది. తిండి వేసే వేళ సంప్ నుంచి నీళ్లు తెచ్చే పంపు పావుగంట ఆగుతుంది, వేవ్‌మేకర్ మాత్రం తక్కువ వేగంలో నడుస్తూనే ఉంటుంది. ఓవర్‌ఫ్లోలోకి ఏదీ పోదు, తిండి అడుగుకు పడిపోకుండా నీటి మధ్యలో తిరుగుతూ ఉంటుంది. చాలామంది తిండి వేళ అన్ని పంపులూ ఆపేస్తారు. ఇసుక మీద ఏరుకునే చేపలకు అది బాగుంటుంది. నీటిలో తేలుతూ వచ్చేదాన్ని పట్టే క్రోమిస్‌కు కదులుతున్న నీరే కంచం. తిండి ఒక చోట కుప్పగా కాక ట్యాంకంతా పరుచుకుని వస్తుంటే పెద్ద చేప ఒక్కటే కాపలా కాయలేదు. మూలనున్న చేప ఉన్న చోటు నుంచే నాలుగు గింజలు అందుకుంటుంది.

దాదాపు మూడు వారాలకు చిరుగుతోక చేప తల వెనక గుంట పూడింది. తోక అంచున పారదర్శకంగా కొత్త పొర మొలిచింది. తరమడం ఆగలేదు గానీ బాగా తగ్గింది. ముఖ్యంగా తిండి వేళల్లో పెద్ద చేప దాని వైపు తిరిగే తీరిక లేకుండా తింటోంది. అవే మూడు చేపలు, అదే ట్యాంకు, అవే రాళ్లు. మారింది తిండి ఒక్కటే.

పడక తగవు

అయినా తోకకు అప్పుడప్పుడు కొత్త చిరుగు పడుతోంది. పగలు చూస్తే కారణం కనబడలేదు. లైట్లు ఆరే వేళ కూర్చుని చూస్తే తెలిసింది. ఆ ట్యాంకులో రాళ్లు రెండు పెద్ద నున్నటి గుట్టలు. వాటిలో చేప దూరగల గుహలు రెండే. టైమరు లైట్లను ఒక్కసారిగా ఆర్పేస్తుంది. ఆ క్షణాన పెద్దది ఎడమ గుహలో, నడిమిది కుడి గుహలో చేరిపోయాయి. మూడోది చీకట్లో రాయి వెంబడి తడుముకుంటూ ఎడమ గుహ నోటి దగ్గరికి పోయింది. ఎర్ర టార్చి వెలుగులో పెద్దది దూసుకొచ్చి తోక పట్టి గుంజడం ఇద్దరం చూశాం. మూడోది పైకి లేచి ఓవర్‌ఫ్లో మూలన చేరింది. పగలంతా అది అక్కడే ఎందుకు ఉంటోందో యజమానికి నేను చెప్పనక్కర్లేకపోయింది.

తొమ్మిది చేపలున్నప్పుడు ఈ రెండు గుహల దగ్గర రాత్రులు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు.

రాళ్లను తీసి మళ్లీ పేర్చాం. నున్నటి గుట్టల స్థానంలో కొమ్మలు కొమ్మలుగా ఉన్న రాళ్లు, రెసిన్‌తో చేసిన అక్రోపోరా పగడపు నమూనాలు మూడు చోట్ల పెట్టాం. పెంచబోయే చేపల సంఖ్యకు రెట్టింపు సందులు ఉండాలన్నది నేను పాటించే లెక్క. వేలు దూరేంత వెడల్పున్న సందు చిన్న క్రోమిస్‌కు చాలు. పెద్ద గుహ కన్నా అదే మేలు, ఎందుకంటే పెద్ద చేప అందులోకి చొరబడలేదు. లైట్లు ముప్పావు గంట సేపు నెమ్మదిగా తగ్గేలా మార్చాం. అస్తమయం లాంటి ఆ వ్యవధిలో ఏ చేప సందు దానికి దొరుకుతుంది. ఖర్చు లేని ఈ ఒక్క మార్పును ప్రతి క్రోమిస్ ట్యాంకులోనూ చేయిస్తాను.

కొత్త గుంపు

ఇంతవరకు వచ్చాకే కొత్త చేపల మాట ఎత్తాను. 4 సెంటీమీటర్ల లోపు, దాదాపు ఒకే సైజువి ఎనిమిది ఎంచుకున్నాం. వచ్చిన వెంటనే కొనలేదు. అమ్మేచోట వారం పైగా ఉండి, మన కళ్ల ముందు తింటున్న వాటినే తీసుకున్నాం. తల వెనక గుంట ఉన్నదాన్ని, వేగంగా మొప్పలు ఆడిస్తున్నదాన్ని, గుంపుకు దూరంగా తలకిందులుగా వాలి ఉన్నదాన్ని ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేశాం.

సంచి విప్పడం దగ్గర ఒక మాట. ప్రయాణంలో చేప వదిలే బొగ్గుపులుసు వాయువు వల్ల సంచిలోని నీటి పీహెచ్ పడిపోతుంది. అమ్మోనియా పెరుగుతున్నా ఆ తక్కువ పీహెచ్‌లో ఎక్కువ భాగం అమ్మోనియం రూపంలో ఉండి చేపకు అంతగా హాని చేయదు. సంచి విప్పగానే వాయువు బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. దూరం నుంచి వచ్చిన సంచిని విప్పి గంటల తరబడి బొట్టు బొట్టుగా నీళ్లు కలపడం మంచి ఉద్దేశంతో చేసే హాని. సంచి మూసి ఉండగానే ఉష్ణోగ్రత సమం చేసి, విప్పగానే లవణీయత చూసి, క్వారంటైన్ ట్యాంకు నీటిని ముందే దానికి తగ్గట్టు సరిచేసి, చేపలను వెంటనే మార్చడం మేలు. మా చేపల సంచిలో లవణీయత 1.020 ఉంది. క్వారంటైన్ ట్యాంకును అక్కడే మొదలుపెట్టి కొన్ని రోజుల్లో 1.025కు పెంచాం.

క్వారంటైన్ ట్యాంకు 80 లీటర్లది. అడుగున ఇసుక లేదు. ముందే బాక్టీరియా పట్టించిన స్పాంజి ఫిల్టర్లు రెండు, హీటరు, గాలి రాయి, చేపల సంఖ్య కన్నా ఎక్కువ పీవీసీ గొట్టం ముక్కలు. రోజుకు ఐదారు సార్లు కొద్ది కొద్దిగా తిండి, రోజూ అడుగు శుభ్రం. మిగిలిన తిండి కుళ్లితే యురోనీమాకు విందు పెట్టినట్టే.

ఇంత చేసినా మొదటి వారం చివర ఒక చేప పక్కన గులాబీ రంగు మచ్చ తేలింది. సాయంత్రానికి అది ఎర్రబడింది. ఆ చేపను విడిగా తీసి, బతికుండగానే చర్మం మీది జిగురును గాజు పలక మీదకు తీసి 100 రెట్లలో చూశాను. నీటి చుక్క ఆకారంలో, 0.03 నుంచి 0.05 మిల్లీమీటర్ల ప్రాణులు గుంపులుగా, చూపు నిలవనంత వేగంగా పరుగెడుతున్నాయి. చచ్చి గంటలు గడిచిన చేప మీద ఇలాంటివి కనబడితే నిర్ధారణకు పనికిరాదు, శవం మీదకు ఏ సిలియేటయినా చేరుతుంది. బతికున్న చేప మీద కాబట్టి అనుమానం తీరింది. ఆ చేప దక్కలేదు.

మిగిలిన ఏడింటికి పశువైద్యుడి సలహాతో, ట్యాంకు బయట వేరే తొట్టిలో ఫార్మలిన్ స్నానం చేయించాం. ఫార్మలిన్ నీటిలోని ప్రాణవాయువును తగ్గిస్తుంది కాబట్టి గాలి రాయి బలంగా నడవాలి, పక్కన మనిషి ఉండాలి. మనిషికీ అది ప్రమాదకరం. చేతి తొడుగులు, తెరిచిన కిటికీలు తప్పనిసరి. సీసా అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఉంటే ఆ మందు చేపకు విషం, పారేయాలి. స్నానం తర్వాత చేపలను శుభ్రమైన రెండో ట్యాంకులోకి మార్చి, మెట్రోనిడజోల్ అనే మందు కలిపిన తిండి పది రోజులు పెట్టాం. తినే చేపకు మందు లోపలికి పోతుంది, తినని చేపకు పోదు. ముందు వారమంతా తిండి మీద పెట్టిన శ్రద్ధ ఇక్కడ అక్కరకొచ్చింది. ఏడూ నిలిచాయి. ఐదు వారాలు నిండాకే ప్రధాన ట్యాంకుకు పంపాం.

పాత మూడింటిలో పెద్దదాన్ని అంతకుముందే మరో పెద్ద ట్యాంకుకు ఇచ్చేశాం. మిగతా రెండింటినీ కొత్తవి దిగే ముందు చిల్లుల పెట్టెలో ఉంచాం. కొత్తవి నాలుగైదు రోజులు తిరిగి సందులు చూసుకున్నాక వాటిని వదిలాం. చోటు మీద హక్కు పాతవాటికి లేకుండా చేయడమే ఇందులో ఉద్దేశం. చిరుగుతోక చేప, ఇప్పుడు దాన్ని అలా పిలవడానికి చిరుగు ఏదీ లేదు, ఆ సాయంత్రమే కొత్త గుంపులో కలిసి ప్రవాహంలో నిలబడింది.

ఏడాది తర్వాత

తొమ్మిదింటిలో ఎనిమిది ఉన్నాయి. నాలుగో నెలలో ఒకటి తిండి సరిగా తింటూనే అన్నిటి చేతా తరుముడు పడుతోంది. తల వెనక గుంట పడకముందే దాన్ని వేరే ట్యాంకుకు మార్చాం. అలాంటి చేప అప్పుడప్పుడు ఉంటుంది. తిండి, పడక సమకూర్చాక కూడా తగవు పూర్తిగా మాయమవుతుందని నేను అనను. ఒకటి రెండు చేపలను మార్చగల మరో చోటు చూసుకునే ఈ గుంపును పెంచాలి.

తిండి పెరిగితే నీరు పాడవుతుందన్న భయం నిజమే. రెండో నెలకు నైట్రేటు 30 పీపీఎం దాటింది. సంప్‌లో కీటోమార్ఫా నాచు పెంచి, మలినాలను నురుగుగా తీసే స్కిమ్మరు పాత్రను తరచూ కడిగి, వారానికి పది శాతం నీరు మారుస్తూ ఉంటే 15కు దిగింది. నీటి కోసం చేపల నోరు కట్టడం కన్నా వడపోతను పెంచడమే సరైన దారి.

ఇటీవల ఒక మగ చేప వెనక భాగం నల్లబడి, ఒళ్లు పసుపు తిరిగింది. ఒక కొమ్మ మొదలును శుభ్రం చేసుకుని దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరిమింది. యజమాని కంగారుగా ఫోను చేశారు, మళ్లీ మొదలైందని. అది గూడు కాపలా. మగది గుడ్లను కాచి, రెండు మూడు రోజుల్లో పొదిగాక మామూలు రంగుకు వస్తుంది. ఆ తరుముడు గూడు చుట్టూ జానెడు దూరమే ఉంటుంది, తరిమిన చేప వెంట పడదు. మిగతా చేపల తలల వెనక వంపు నిండుగా ఉందా అని అడిగాను. ఉందన్నారు. అయితే ఏమీ చేయవద్దని చెప్పాను.

ఆయనకు ఒక్క అసంతృప్తి మిగిలింది. దుకాణంలో బంతిలా ముడుచుకుని కదిలిన గుంపు ఇప్పుడు ట్యాంకంతా విడివిడిగా నిలబడి తింటోంది. బిగిసిన గుంపు భయపడ్డ గుంపు. వేటాడే పెద్ద చేప లేని చోట, తిండి దొరికే చోట క్రోమిస్‌లు వదులుగా విస్తరించడం వాటి నెమ్మదికి గుర్తు. ఎవరైనా గాజు దగ్గరికి వేగంగా వస్తే ఇప్పటికీ ఎనిమిదీ ఒక్కసారి దగ్గరికి చేరి కొమ్మల్లోకి దిగుతాయి, కాసేపటికి మళ్లీ పైకొస్తాయి.

ఇంకో మూడు కలిపి నిండుగా చేద్దామా అని ఆయన అడుగుతున్నారు. వద్దన్నాను. కుదురుకున్న గుంపులోకి ఒకటి రెండు కొత్తవి దిగితే దెబ్బలన్నీ వాటికే. సంఖ్య ఎప్పుడైనా నాలుగుకు పడిపోతే, అప్పుడు ఐదారింటిని క్వారంటైన్ చేసి, రాళ్లు కదిపి, ఒకేసారి కలపాలి. అంతవరకు ఆటోఫీడర్ గొట్టంలో తేమ చేరి గింజలు ముద్ద కట్టకుండా వారానికోసారి తుడవమని చెప్పి వచ్చాను.